కరెంటు ఆదా ఎవరి ఊపిరితో?

పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం మా వీధి చివర ఫర్నిచర్ షెడ్డులో పనిచేసే నలుగురు స్త్రీలు మా ఇంటికి వచ్చారు. అంతకు ముందు రేషన్ కార్డుల విషయంలో మా సంఘం వాళ్లకు కొంత సాయపడింది. ఆ పరిచయంతో వచ్చారు. నలుగురిలో పెద్దామె దగ్గుతూనే మాట మొదలుపెట్టింది.

"అక్కా, పొట్టు గుంజే ఫ్యాను బంద్ పెట్టిండు మా సేటు. కరెంటు బిల్లు మస్తు వస్తున్నదంట, ఆదా చెయ్యాలె అంటుండు. ఆయన ఆదా ఆయనకు మంచిదే గని, ఆ పొట్టంత మా ముక్కులల్ల, గొంతులల్ల పోతున్నది. రాత్రి పండుకుంటే దగ్గు ఆగుతలేదు. జర నువ్వొచ్చి చెప్పు."

విద్యుత్ ఆదా, కాలుష్యం తగ్గింపు, కర్బన ఉద్గారాలు అనే మాటలు మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఆ మాటలు ఒక చిన్న షెడ్డులోకి వచ్చేసరికి ఏ రూపం తీసుకుంటాయో నాకు ఆ రోజు తెలిసింది. యజమానికి బిల్లు తగ్గింది, పనిచేసే స్త్రీకి దగ్గు పట్టుకుంది. లెక్క పుస్తకంలో దీన్ని ఆదా అనే రాస్తారు.

నాదర్‌గుల్ గురించి తెలియని వాళ్లకు రెండు మాటలు. ఎల్.బి. నగర్ వైపు నుంచి మీర్‌పేట, బడంగ్‌పేట మీదుగా వస్తే మా ఊరు. రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలం. ఒకప్పుడు పొలాలు, ఒక చిన్న ఏరోడ్రోమ్, అంతే. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో ఇళ్లు లేచాయి. ఇల్లు లేచిన ప్రతిచోటా వంటింటి అరలు, బీరువాలు, మంచాలు, తలుపులు కావాలి. వాటి కోసం ఖాళీ ప్లాట్లలో రేకుల షెడ్లు వెలిశాయి. ఒక్కో షెడ్డులో ఐదారుగురు, ఎక్కువంటే పదిపన్నెండు మంది. ఒక రంపం మిషను, ఒక రందా మిషను, ఒక కంప్రెసర్, పొట్టు గుంజే ఫ్యాను. యంత్రాల దగ్గర మగవాళ్లు. మా వీధి షెడ్డులోనైతే మిస్త్రీలు ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి వచ్చిన కుర్రాళ్లు. గరుకు కాగితంతో చెక్క రుద్దడం, లప్పం పెట్టడం, పాలిష్‌కు ముందు తుడవడం, బోర్డులు మోయడం, షెడ్డు ఊడవడం, కుషన్లు కుట్టడం ఆడవాళ్ల పని. వాళ్ల కూలి మిస్త్రీ కూలిలో సగం కూడా లేదు. వాళ్లను ఎవరూ పనివాళ్లని కూడా అనరు. "హెల్పర్లు" అంటారు.

నేను మరుసటి రోజే వెళ్లాను. నిజం చెప్పాలంటే తగాదాకు సిద్ధపడే వెళ్లాను. యజమాని నా మాట విని కోప్పడలేదు. డ్రాయరులోంచి మూడు నెలల కరెంటు బిల్లులు తీసి నా ముందు పెట్టాడు. "మేడమ్, మీరే చూడండి. ప్లైవుడ్ ధర నా చేతిలో లేదు. కిరాయి నా చేతిలో లేదు. పెద్ద కంపెనీలు యంత్రాల మీద చేసిన బీరువాలు నాకంటే తక్కువకు అమ్ముతున్నాయి. నా చేతిలో ఉన్నది ఒక్క స్విచ్చే. అది బంద్ చేసిన" అన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు మిస్త్రీయే. అప్పు తెచ్చి షెడ్డు పెట్టినవాడు. ఆయనను దుర్మార్గుడని రాసి ఈ వ్యాసం ముగించడం తేలిక. కానీ అది నిజం కాదు, దానివల్ల ఫ్యాను తిరగదు.

ఆ ఫ్యాను సంగతి ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పుకోవాలి. చెక్కపొట్టు మామూలు దుమ్ము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కులో, ముక్కు చుట్టూ ఉండే ఎముకల గదుల్లో వచ్చే క్యాన్సర్‌కు దానితో సంబంధం ఉంది. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్. బోర్డుల జిగురులో సాధారణంగా వాడే ఫార్మాల్డిహైడ్‌ను 2004లో అదే వర్గంలో చేర్చారు. బోర్డును కోసేవాడు యంత్రం దగ్గర కాసేపే ఉంటాడు. దాన్ని రుద్దే స్త్రీ రోజంతా ముఖం ఆ బోర్డు మీద వంచి ఉంటుంది. కొంగు అడ్డం కట్టుకుంటే కంటికి కనిపించే పొట్టు ఆగుతుంది. కనిపించని సన్నటి ధూళి ఆగదు. ఊపిరితిత్తుల లోపలికి పోయేది అదే.

ఇక లెక్క చూద్దాం. మన పత్రికలో కరెంటు లెక్కలేమిటని అనుకోవద్దు. లెక్క మనకు తెలియకపోతే మన ఊపిరి లెక్క ఎదుటివాళ్లు వేస్తారు.

మా ఏరియాలో మోటార్లకు వైండింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయనను బతిమాలి షెడ్డుకు తీసుకువెళ్లాను. ఆయన చెప్పిన దాన్ని బట్టి ఆ ఫ్యానుది 3 హెచ్.పి. పాత మోటారు. పూర్తి భారంతో నడిస్తే గంటకు సుమారు 2.75 యూనిట్లు తింటుంది. రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు అంటే 550 యూనిట్లు. యూనిట్‌కు 8 రూపాయల చొప్పున వేసుకుంటే నెలకు 4,400 రూపాయలు. యజమాని ఆదా చేశాననుకున్నది ఇదే.

అయితే ఫ్యానుకు ఒక గుణం ఉంది. దాని వేగాన్ని 20 శాతం తగ్గిస్తే అది తినే కరెంటు 20 శాతం కాదు, దాదాపు సగం తగ్గుతుంది. వేగాన్ని తగ్గించే డ్రైవ్ అనే పరికరం దొరుకుతుంది. అంటే ఫ్యానును పూర్తిగా ఆపకుండానే నెలకు 275 యూనిట్లు, 2,200 రూపాయలు మిగులుతాయి. అదెప్పుడు కుదురుతుంది? పని జరిగే చోట గాలి పీల్పు తగ్గకుండా ఉన్నప్పుడు. మా షెడ్డులో నాలుగు గొట్టాలూ ఎప్పుడూ తెరిచే ఉండేవి. నడిచేది ఒక యంత్రం, ఫ్యాను గాలి గుంజేది నాలుగు చోట్ల నుంచి. పొట్టు నిండే గుడ్డ సంచిని దులిపి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. ఒక గొట్టం అతుకు దగ్గర పగిలి ఉంది. పని లేని గొట్టానికి రేకు మూత పెట్టడానికి, అతుకు మూయడానికి, సంచి దులపడానికి పెద్ద పెట్టుబడి ఏమీ అక్కరలేదు. ఆ పగులు ఎక్కడుందో చూపించింది ఇంజనీరు కాదు, రోజూ ఆ మూల ఊడ్చే ఆమె. "ఇక్కడ పొట్టు ఎప్పటికీ కుప్ప పడతది" అని ఆమె చెప్పింది, వైండింగ్ ఆయన అక్కడ చెయ్యి పెట్టి చూశాడు.

కంప్రెసర్ సంగతీ అంతే. ఫర్నిచర్ షెడ్డులో గాలి ఊరికే రాదు, కరెంటు పెట్టి కొనుక్కునేదే. మధ్యాహ్నం అన్నం వేళ స్ప్రే గన్నులు, మేకుల గన్నులు అన్నీ పక్కన పెట్టి కంప్రెసర్ ఆన్ చేసి చూడమన్నాడాయన. ఎవరూ గాలి వాడకపోయినా అది 2 నిమిషాలు నడిచి, 8 నిమిషాలు ఆగి, మళ్లీ నడుస్తుంటే, దాని శక్తిలో 20 శాతం చిల్లుల్లోంచి పోతున్నట్టు లెక్క. చిల్లులు వెతకడానికి సబ్బు నురగ చాలు. గ్యాస్ సిలిండరు పైపు లీకవుతోందా అని మనం ఇంట్లో చూసుకునే పద్ధతే. అవసరానికి మించి పెట్టిన పీడనాన్ని ఒక బార్ తగ్గిస్తే కంప్రెసర్ తినే కరెంటు సుమారు 6, 7 శాతం తగ్గుతుంది. మొద్దుబారిన రంపపు బ్లేడు, వదులైన బెల్టు, ఎవరూ లేకున్నా తిరిగే యంత్రం కూడా ఇలాంటివే. ఇవన్నీ సరిచేశాక కొత్త మోటారు గురించి ఆలోచించాలి. పాత 3 హెచ్.పి. మోటారు సామర్థ్యం 80 శాతం లోపు. ఐఇ-3 తరగతి మోటారుది 86 శాతం పైన. రోజంతా పూర్తి భారంతో తిరిగే ఫ్యానుకు అలాంటిది పెడితే నెలకు 40 యూనిట్ల పైన మిగులుతుంది. అప్పుడప్పుడు తిరిగే రంపానికి పెడితే అంత మిగలదు. అందుకని దుకాణంవాడు చెప్పిందల్లా కొనాల్సిన పని లేదు.

ఇందులో పర్యావరణం ఎక్కడుందని అడగవచ్చు. మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. ఎందుకంటే మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. ఆ 275 యూనిట్లు మిగిలితే నెలకు 190 కిలోలకు పైగా తగ్గినట్టు. రామగుండంలో, కొత్తగూడెంలో బూడిద పీల్చేవాళ్లు, గనుల కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఆ యూనిట్లకు ధర చెల్లిస్తున్నారు. రేకుల కింద ఎండకు మాడేది కూడా ఈ స్త్రీలే. మా సంఘంలోనే ఒక సోదరి, "కర్బనం ధనిక దేశాలు చేసిన పాపం, ఈ షెడ్ల మీద ఎందుకు రుద్దుతారు?" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. అసలు బాధ్యత ఎవరిదో మనం మరిచిపోకూడదు. కానీ వృథాగా పోయే కరెంటు వల్ల ఈ షెడ్డుకు వచ్చే లాభమూ లేదు. బిల్లులో పోయే ఆ డబ్బులోంచే కూలి పెరగాలి, ఫ్యాను తిరగాలి.

మరి ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. 2002లో ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. ఆ బ్యూరో చిన్న పరిశ్రమల సముదాయాలను ఎంచుకుని అధ్యయనాలు చేసింది. మన వరంగల్ రైస్ మిల్లుల కోసం ఎక్కడ ఎంత శక్తి వృథా అవుతుందో, ఏం చేయాలో వివరించే కరదీపిక కూడా వేసింది. అంటే ఎలా చేయాలో తెలియని పని కాదు. 2025 జూలైలో కేంద్ర విద్యుత్ శాఖ పానిపట్‌లో 'అడీటీ' అనే పథకాన్ని ప్రారంభించింది. వెయ్యి కోట్ల రూపాయలు. పొదుపు యంత్రాలు కొనే సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు వడ్డీలో 5 శాతం, మధ్యతరహా వాటికి 3 శాతం రాయితీ. మంచిదే. కానీ ప్రారంభంలో ఎంచుకున్న 14 రంగాల జాబితా చూడండి: ఇత్తడి, ఇటుక, పింగాణీ, రసాయనాలు, చేపలు, ఆహార శుద్ధి, ఫోర్జింగ్, ఫౌండ్రీ, గాజు, తోలు, కాగితం, మందులు, ఉక్కు రీ-రోలింగ్, వస్త్రాలు. అందులో ఫర్నిచర్ లేదు. ఎక్కువ శక్తి తినే రంగాలను ముందు తీసుకున్నామంటారు. ఒక్కో షెడ్డు కొంచెమే తింటుంది, అందుకని ఎవరికీ కనపడదు. షెడ్డే కనపడకపోతే, షెడ్డులో గరుకు కాగితం పట్టుకున్న స్త్రీ ఎవరికి కనపడుతుంది?

ఇంకొకటి చూడండి. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. వడ్రంగం వాటిలో ఉంది. పనిముట్ల కోసం 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారు. కానీ కుటుంబానికి ఒక్కరికే. భర్త వడ్రంగిగా నమోదైతే, పక్కనే కూర్చుని ఇరవై ఏళ్లుగా చెక్క రుద్దుతున్న భార్యకు దారి మూసుకున్నట్టే. అసలు రుద్దడం, పాలిష్ చేయడం ఆ 18లో పేరున్న వృత్తులు కావు. బీరువాకు మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందో కొనేవాళ్లకు తెలుసు, పథకం రాసేవాళ్లకు తెలియదు.

చట్టం రక్షణ ఉందా అంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 14వ సెక్షను దుమ్ము, పొగ గురించే. యంత్రశక్తి వాడే చోట పదిమంది ఉంటే అది ఫ్యాక్టరీ కిందికి వచ్చేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. పదిహేను మందితో నడిచే షెడ్డు పాత లెక్కలో ఫ్యాక్టరీ, కొత్త లెక్కలో కాదు. పదిమంది కూడా లేని మా వీధి షెడ్డు పాతదానికీ అందలేదు, కొత్తదానికీ అందదు. చిన్న యజమానుల మీద భారం తగ్గించామని చెబుతారు. తగ్గిన భారం ఎక్కడికి పోయిందో ఆ నలుగురు స్త్రీల దగ్గు చెబుతోంది.

ఉన్న మేలు కూడా అందరికీ తెలియదు. మన రాష్ట్ర విద్యుత్ టారిఫ్‌లో కుటీర పరిశ్రమలకు వేరే విభాగం ఉంది. మొత్తం లోడు 10 హెచ్.పి. దాటని వడ్రంగం పని కూడా అందులోకి వస్తుంది. పరిశ్రమల రేటు కంటే అది తక్కువ. మా ఏరియాలో నేను అడిగిన చిన్న వడ్రంగులలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. రేకుల మీద తెల్ల పూత వేస్తే లోపలి వేడి తగ్గుతుంది. ఎండ మొత్తం నెత్తిన దిగే ఈ షెడ్లను మించి ఆ విధానం ఎవరికి అవసరం?

ఇంకో సంగతి కూడా మన స్త్రీలతో మనమే మాట్లాడుకోవాలి. షెడ్డులో మిగిలిన ముక్కలను పొయ్యికి తెచ్చుకుంటున్నారు. ఉత్త చెక్క ముక్కలైతే వేరే సంగతి. ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్., సన్మైకా ముక్కలు కాలిస్తే జిగురు, ప్లాస్టిక్ పొగ ఇంట్లో పిల్లల మీదికి వస్తుంది. గ్యాస్ సిలిండరు కొనలేక తెచ్చుకుంటున్నారు కనుక వద్దు అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. కానీ చెప్పకుండా ఉండటం కూడా తప్పే.

విద్యుత్తు మన స్త్రీలకు సంబంధం లేని విషయం కాదు. 2000లో చార్జీల పెంపుకు వ్యతిరేకంగా ఉమ్మడి రాష్ట్రమంతా కదిలింది. ఆ ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. అప్పుడు బిల్లు ఎంత అని అడిగాం. ఇప్పుడు ఆ బిల్లు తగ్గించుకునే భారం ఎవరి ఒంటి మీద పడుతోంది అని కూడా అడగాలి.

అందుకని మన సంఘాలు ఈ కింది విషయాలు అడగాలని నా అభిప్రాయం.

ఒకటి, రాష్ట్ర రెడ్కో సంస్థ ఫర్నిచర్ షెడ్లను ఒక సముదాయంగా గుర్తించి ఉచితంగా శక్తి తనిఖీలు చేయాలి. తెలుగులోను, హిందీలోను చెప్పాలి. యజమానితోనే కాక, అక్కడ పనిచేసే స్త్రీలతో కూడా కూర్చుని మాట్లాడాలి.

రెండు, దుమ్ము గుంజే ఫ్యానును, వెలుతురును, గాలిని ఆపి చూపించిన తగ్గింపును ఏ పథకంలోనూ ఆదాగా లెక్కించకూడదు. తనిఖీ కాగితంలో యూనిట్ల పక్కనే దుమ్ము కొలత కూడా ఉండాలి.

మూడు, అడీటీ వంటి పథకాల్లో కలప, ఫర్నిచర్ పనిని చేర్చాలి. ఒక డ్రైవ్, ఒక మోటారు కొనుక్కునేవాళ్లకు కూడా అందేలా చిన్న అప్పులు ఇవ్వాలి.

నాలుగు, పాలిష్, రుద్దే పనిని వృత్తిగా గుర్తించాలి. కుటుంబానికి ఒక్కరే అనే నిబంధన తీసివేయాలి.

ఐదు, ఎంతమంది పనిచేస్తున్నారనే దానితో సంబంధం లేకుండా, చెక్క దుమ్ము ఉన్న ప్రతి చోటా దుమ్ము నివారణ తప్పనిసరి కావాలి.

మా వీధి షెడ్డు సంగతి చెప్పి ముగిస్తాను. గొట్టాలకు మూతలు పెట్టారు. పగులు మూశారు. కంప్రెసర్ లీకులు సబ్బు నురగతో వెతికింది ఆడవాళ్లే. బిల్లు కొంత తగ్గింది, ఫ్యాను మళ్లీ తిరుగుతోంది. డ్రైవ్ మాత్రం కొనలేదు. అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే ఇంత చిన్న మొత్తానికి కాగితాలు చేయడం కుదరదన్నారట. కూలి ఇంకా పెరగలేదు. ఆ పెద్దామెకు దగ్గు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఊపిరితిత్తుల పరీక్ష చేయించడానికి ఒక రోజు కూలి పోతుందని వాయిదా వేస్తోంది. వచ్చే సోమవారం ఆమెతోపాటు నేనూ ఆసుపత్రికి వెళ్తున్నాను. మిగతా ముగ్గురినీ కూడా తీసుకువెళ్లాలని అనుకుంటున్నాం. ఆ రోజు కూలి కోయవద్దని యజమానిని అడిగాం. సరే అన్నాడు. తగ్గిన బిల్లులోంచి ఆ స్త్రీలకు వచ్చిన మొదటి భాగం అదే.

మీ ఏరియాలో కూడా ఇలాంటి షెడ్లు ఉంటాయి. ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. ఫ్యాను తిరుగుతోందా అని అడగండి.